‘జ్ఞా’ పెట్టిన పరీక్ష

సంతలో మేకను కొనేవాడు ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. తరవాత వెన్ను నిమురుతాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. అప్పుడుగాని రొంటిన వున్న డబ్బు బయటికి రాదు. మా నవీపేట్ మేకల సంతకు పేరుపడ్డ వూరు గనక యీ విద్య యిక్కడి వాళ్ళకు ఒకరు నేర్పనక్కరలేదు. కాని అదే మనిషి యింటికి పోయి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు, ‘కొత్త కూర్పు వచ్చింది, ఎక్కించుకోండి’ అని తెర మీద ఒక చీటీ కనబడగానే, మారుమాట లేకుండా ‘సరే’ అని మీట నొక్కుతాడు. పళ్ళు చూడడు, నడక చూడడు. తెల్లవారి లేచి, ‘నా కాగితాలేవీ?’ అని వెతుక్కుంటాడు.

నేను చెబుతున్నది ఆపరేటింగ్ సిస్టం సంగతి. యీ మాట వినగానే పుట తిప్పేయకండి. మనం మీట నొక్కితే అందుకునేది అది. అక్షరాన్ని తెర మీద గీసేది అది. ఆ అక్షరాన్నే అచ్చుయంత్రానికి పంపేదీ అదే. కంప్యూటరులోనూ, చేతిలోని ఫోనులోనూ మనం వాడుకునే తతిమ్మా సాధనాలన్నీ దాని నీడన బతుకుతున్నవే. యింటికి పెద్ద మారితే వంటింటి నుంచి పశువుల కొట్టం దాకా పద్ధతులు మారతాయి గదా! యిదీ అంతే. దాన్ని తయారుచేసే కంపెనీలు ఏడాదికో రెండేళ్ళకో కొత్త కూర్పు తెస్తాయి. కొన్నాళ్ళకు, పాతదాన్ని యిక పట్టించుకోమని చెబుతాయి.

అలాంటి కబురు 2025లో ఒకటి వచ్చింది. మన వూళ్ళలో బళ్ళలో, బ్యాంకుల్లో, కొట్లలో విస్తారంగా వున్న విండోస్ 10కు ఆ సంవత్సరం అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. 2021 అక్టోబరులో వెలువడిన విండోస్ 11కు మారండి అన్నారు. మారడానికి కొత్తదాని షరతులు కొత్తదానికున్నాయి. నాలుగు జీబీల మెమరీ, అరవైనాలుగు జీబీల చోటు, యింకా టీపీఎం అనే ఒక రక్షణ చిప్పు యంత్రంలో వుండాలి. పాత యంత్రాలు చాలావాటికి యీ యోగ్యత లేకపోయింది. యోగ్యత వున్నవాటిని మాత్రం జనం ఆదరాబాదరా మార్చుకున్నారు. మారిన తరవాత ఏం తేడా వచ్చిందో పరీక్షించి చూసుకున్నవారు ఎందరంటారు?

‘తెలుగు పాఠం చెప్పుకునే వాడికి యీ గొడవ ఎందుకండీ? యింజనీర్లు చూసుకుంటారు’ అని మా కళాశాలలో లెక్కలు చెప్పే మిత్రుడొకాయన అన్నాడు. ఆయన మాట కొట్టిపారేయదగింది కాదు. యింజనీర్లే చూసుకోవాలి. కాని వాళ్ళు చూసుకోలేకపోయిన సంగతి ఒకటి వుంది. అది తెలుగు అక్షరంతోనే ముడిపడింది.

2018 ఫిబ్రవరి నడిమి రోజుల్లో ప్రపంచమంతటా ఒక విచిత్రమైన వార్త పాకింది. ఆపిల్ కంపెనీవారి ఐఫోనుకు ఒకే ఒక తెలుగు అక్షరం పంపితే చాలు, ఫోను కుప్పకూలుతోందట! ఆ అక్షరం ‘జ్ఞా’. అప్పటి కూర్పు ఐఓఎస్ 11.2.5. యీ అక్షరమున్న సందేశం వచ్చిందంటే సందేశాలు చదివే సాధనం మూతపడేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతపడేది. కబురు వచ్చినట్టు తెలిపే చీటీలో ఆ అక్షరం కనబడితే ఫోను తనంతట తానే ఆగి, మళ్ళీ మొదలయ్యేది. ఆకతాయిలు కొందరు ట్విట్టర్‌లో తమ పేర్ల పక్కన యీ అక్షరం తగిలించుకుని, చూసినవాళ్ళ ఫోన్లన్నీ ఆగిపోతూ వుంటే వినోదం చూశారు. తెలుగు అనే భాష వున్నదని అంతవరకూ వినని వాళ్ళు కూడా మన భాష పేరు పలికారు. పలకడమేమో ఫోనును చంపే భాష అని!

మా ప్రాంతంలో యీ వార్త చదివినవారికి యింకొక సంగతి గుర్తుకు వచ్చి వుండాలి. నవీపేట్‌లో రైలెక్కితే కాసేపటికి గోదావరి దాటి బాసర చేరుకుంటాం. అక్కడ కొలువై వున్న తల్లి పేరు జ్ఞాన సరస్వతి. నిజామాబాద్, బోధన్, నిర్మల్, అవతల మరాఠ్వాడా నుంచి కూడా తల్లిదండ్రులు పిల్లలను చంకనేసుకుని వచ్చి అక్షరాభ్యాసం చేయించుకునేది ఆమె సన్నిధిలోనే. ఆ సంవత్సరం జనవరి 22న వసంత పంచమి. వందలాది పసివాళ్ళ చేత ఓనమాలు దిద్దించిన ఆ పండుగ గడిచి నెల తిరగకముందే, ఆ తల్లి పేరులోని మొదటి అక్షరం లక్షల రూపాయల పరిశోధన పెట్టి చేసిన ఫోన్లను నేలకు కూర్చింది.

నిజానికి మన ‘జ్ఞా’ తప్పేమీ లేదు. యీ విషయం చాలా పత్రికలు చెప్పకుండా వదిలేశాయి గనక కొంచెం వివరంగా చెప్పాలి. కంప్యూటరులో తెలుగు వ్రాయడానికి యిప్పుడు లోకమంతా ఒప్పుకున్న పద్ధతి యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు నూట ఇరవై ఎనిమిది గళ్ళ పట్టిక ఒకటి కేటాయించారు. మనం ‘జ్ఞా’ అని ఒకే అక్షరంగా చూసేదాన్ని యంత్రం నాలుగు ముక్కలుగా దాచుకుంటుంది. జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం. ఆ నాలుగింటిని కలిపి, జకారానికి ఒత్తు యిచ్చి, దీర్ఘాన్ని పైకి ఎక్కించి, చూడముచ్చటగా గీసే పని ఆపరేటింగ్ సిస్టంలోని ఒక భాగానిది. బళ్ళో మా పిల్లలు ‘గ్నానం’ అని వ్రాసి తప్పించుకునే చోట అది తప్పించుకోవడానికి వీలులేదు.

ఫోన్లను పడగొట్టిన వరుసలో నాలుగు ముక్కలు కాదు, అయిదు వున్నాయి. ఞకారానికీ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని గుర్తు ఒకటి దూరింది. దాన్ని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అంటారు. వెడల్పు లేనిదీ, పక్క అక్షరాలను కలవనీయనిదీ అని అర్థం. దాన్ని కలపని గుర్తు అని పిలుచుకుందాం. అది లేని మామూలు ‘జ్ఞానం’ ఏ ఫోనుకూ హాని చేయలేదు. ఆ కూర్పులో లోపం ఒక్క తెలుగుకే పరిమితం కూడా కాదు. బెంగాలీలోనూ, దేవనాగరిలోనూ కొన్ని కూడికలకు అదే గతి పట్టింది. పేరు మాత్రం తెలుగుకు దక్కింది. మెమరీ చెడిపోయే లోపమనీ, లోపలికి వచ్చే అక్షరాలను మరింత జాగ్రత్తగా తనిఖీ చేసేటట్టు సరిదిద్దామనీ ఆపిల్‌వారు చెప్పుకున్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 అనే కూర్పు విడుదల చేసి గండం గట్టెక్కించారు.

‘ఆ కలపని గుర్తు దీర్ఘానికి ముందు ఎవరు పెడతారండీ? తుంటరి పని’ అనవచ్చు. దీర్ఘానికి ముందు పెట్టడం తుంటరి పనే కావచ్చు, లేదా వేలు జారడం కావచ్చు. కాని ఆ గుర్తు మాత్రం మనకు నిత్యం కావలసినదే. మా వూరి పేరే తీసుకోండి. నవీపేట్. చివర ట్ పొల్లు. దానికి ‘లో’ అనే ప్రత్యయం చేరిస్తే ‘నవీపేట్‌లో’ కావాలి. మధ్యన కలపని గుర్తు లేకపోతే యంత్రం తన వ్యాకరణం ప్రయోగించి ‘నవీపేట్లో’ అని లకారాన్ని టకారం కిందకు తోసేస్తుంది. నిజామాబాద్‌లో, హైదరాబాద్‌కు, బోధన్‌నుంచి, అన్నిటికీ యిదే తంటా. హలంతాలతో ముగిసే వూళ్ళ పేర్లు ఉర్దూ చలవ వలన మా తెలంగాణంలో అడుగడుగునా వున్నాయి. కోస్తా వారు ‘నవీపేట’ అని అజంతం చేసుకుని గట్టెక్కుతారు. మేము మా వూరి పేరు మేము పలికినట్టు వ్రాసుకోవాలంటే ఆ కనబడని గుర్తు వుండితీరాలి. కుపర్టినోలో కూర్చుని ఫోను తయారుచేసే పెద్దమనిషికి యీ అవసరం వున్నదని ఎలా తెలుస్తుంది? తెలియనిదాన్ని అతడు ఎలా పరీక్షిస్తాడు?

అసలు కిటుకు యిక్కడే వుంది. కొత్త కూర్పును చేసినవాడు తాను వాడే భాషతో, తనకు తెలిసిన పనులతో పరీక్షిస్తాడు. మన భాషతో, మన పనులతో పరీక్షించవలసినవాళ్ళం మనమే.

మా బజారులో పెళ్ళి పత్రికలు, పరీక్ష కాగితాలు కూర్చి అచ్చువేసే కుర్రవాడు ఒకడు వున్నాడు. ఒకనాడు దిగాలుగా కనబడితే పలకరించాను.

‘సార్, నిన్నటిదాంక మంచిగనే ఉండె. పొద్దుగాల అంత తుడిచేసి కొత్త విండోస్ ఎక్కిచ్చిన. పాత ఫైళ్ళు తెరిస్తె అన్నీ ఇంగిలీషు అక్షరాలే, పిచ్చి గీతలు!’ అన్నాడు.

‘పాత ఫాంట్లు దాచిపెట్టినవా?’ అన్నాను.

‘అవి గూడ దాంతోనే వస్తయనుకున్న సార్’ అన్నాడు.

ఆ పిల్లవాడి బాధ తెలుగు అచ్చుకూర్పు తెలిసినవారందరికీ తెలిసిందే. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి ఫాంట్లు చేశారు. అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే సాధనంతో తెలుగునాట ఎన్ని పుస్తకాలు, పత్రికలు వెలువడ్డాయో లెక్కలేదు. యిప్పటికీ ఎందరో వాటినే వాడుతున్నారు. ఆ కాగితంలో నిజంగా దాగి వున్నవి ఇంగ్లీషు అక్షరాలు. ఫాంటు అనే ముసుగు వున్నంతసేపే అది తెలుగు. ముసుగు తొలగితే లోపలి రూపం బయటపడుతుంది. పేజ్‌మేకర్ చివరి ముఖ్యమైన కూర్పు 2001లో వచ్చింది. ఆ తరవాత దాన్ని పెంచి పోషించినవారు లేరు. అలాంటి ముసలి సాధనం కొత్త ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తుందా లేదా అన్నది ముందుగా ఒక యంత్రం మీద చూసుకుని తెలుసుకోవాలి. పెళ్ళి ముహూర్తం నెత్తి మీద వున్నప్పుడు తెలిస్తే ఏం లాభం?

యూనికోడ్‌లో వ్రాసేవారికి యీ చిక్కులు లేవని ధీమాగా వుండకూడదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి అనే తెలుగు ఫాంటు చాలామందికి పరిచితమే. ఏళ్ళ తరబడి ఆఫీసు కాగితాలు, పాఠాలు దానిలోనే తయారయ్యాయి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు గౌతమినీ, తరవాత పుట్టిన వాణినీ అదనపు ఫాంట్ల గదిలోకి మార్చారు. తెలుగును తన భాషల జాబితాలో చేర్చుకున్నవాడి యంత్రంలో అవి తమంత తామే దిగుతాయి. చేర్చుకోనివాడు అడిగి తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే అక్షరాలు మాయం కావు. వాటి చోట నిర్మల అనే ఫాంటు వచ్చి నిలుస్తుంది. కాని రెండింటి కొలతలూ ఒకటి కావు. పంక్తులు ఎక్కడో విరుగుతాయి. నాలుగు పుటల ప్రశ్నపత్రం అయిదో పుటలోకి కాలు చాచుతుంది. ‘కింది పద్యానికి భావం వ్రాయండి’ అన్న మాట ఒక పుటలో, పద్యం యింకొక పుటలో పడుతుంది. పరీక్ష హాలులో కూర్చున్న పిల్లకు యిది ఫాంటు మార్పని ఎవరు చెబుతారు?

అయితే పాతదాన్నే పట్టుకుని వేళ్ళాడమంటారా అని అడగవచ్చు. అదీ కాదు. కొత్త కూర్పుల వలన తెలుగుకు లాభాలు కూడా వున్నాయి. చాప, జాము మొదలైన మాటల్లో వినిపించే దంత్యాలైన ౘ, ౙ అనే అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లో. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు విడిగా గడి దొరికింది 2021లో. ఆ సంవత్సరాలకు ముందు తయారైన ఫాంట్లలో ఆ గళ్ళకు బొమ్మలు వుండవు. వాటితో యీ అక్షరాలు చూడబోతే ఖాళీ డబ్బా ఎదురవుతుంది. పాత పుస్తకాన్ని వున్నది వున్నట్టుగా కంప్యూటరులోకి ఎక్కించాలనుకునే తెలుగు విద్యార్థికి కొత్త కూర్పు, కొత్త ఫాంటు కావలసిందే. పైగా మద్దతు ఆగిపోయిన వ్యవస్థలో దొంగలు దూరే కంతలు బయటపడితే పూడ్చేవారుండరు. కనక మారడం తప్పదు. పరీక్షించకుండా మారడమే పనికిరాదు.

పరీక్షించకుండా ఒకేసారి అందరి మీదకూ వదలడం వలన ఎంత నష్టమో 2024 జులై 19న లోకం చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ కంపెనీ పంపిన ఒక లోపభూయిష్టమైన మార్పు మూలాన సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. అది ఆపరేటింగ్ సిస్టం కొత్త కూర్పు కాదు, దాని మీద నడిచే ఒక కాపలా సాధనానికి వచ్చిన చిన్న మార్పు మాత్రమే. ఆనాడు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో వ్రాసిన పాసులు యిచ్చారు. ముందు కొన్ని యంత్రాలకు పంపి, కుదురుగా వున్నదని తేలాక మిగతావాటికి పంపి వుంటే యింత దూరం వచ్చేది కాదు. వంటవాడు కూడా అన్నం మెతుకు పట్టి చూసిగాని విస్తళ్ళు వేయించడు గదా!

సరే, యింతకూ పరీక్షించడం ఎలా? దీనికి యింజనీరింగు చదవనక్కరలేదు. మొదట మీ కాగితాలు, ఫోటోలు, ఫాంట్లు అన్నీ వేరే డిస్కులోకి ఎత్తి పెట్టుకోండి. పది యంత్రాలున్న చోట ఒక్కదానికే కొత్త కూర్పు ఎక్కించండి. ఒకే యంత్రం వున్నవారు ఆ కొత్తది ఇప్పటికే వున్న స్నేహితుడి యంత్రంలో తమ కాగితం తెరిచి చూడవచ్చు. పది నుంచి పదకొండుకు మారినవారికి, నచ్చకపోతే వెనక్కి పోవడానికి మామూలుగా పది రోజుల గడువు వుంటుంది. ఆ పది రోజులూ పరీక్ష రోజులేనని గుర్తు పెట్టుకోండి.

తరవాత ఒక తెల్ల కాగితం తెరిచి కొన్ని మాటలు వ్రాయండి. జ్ఞానం, లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, ఉచ్ఛ్వాసం. తెగువ వున్నవారు ‘కార్త్స్న్యం’ కూడా వ్రాయండి. ఒకే గుడ్డులో అయిదు హల్లులున్న మాట అది. ఒత్తులు కిందా పక్కనా సరిగా కూర్చున్నాయా, ఒకదాని మీద ఒకటి పడ్డాయా చూడండి. ‘నిజామాబాద్‌లో’ అని వ్రాసి, దకారం పొల్లుగా నిలిచిందో లేదో చూడండి. ఒక అక్షరాన్ని తుడిపితే ఎంత పోతోందో చూడండి. ఒత్తు మాత్రమే పోవలసిన చోట అక్షరమంతా పోతే చెయ్యి తిప్పుకోవడం కష్టం. అలవాటైన మీటల వరుస మారలేదు గదా? మీరు వ్రాసిన మాటనే వెతకమని అడిగితే దొరుకుతోందా? చివరగా ఒక పాత ప్రశ్నపత్రమో, పద్దుల కాగితమో అచ్చు తీసి పాత ప్రతి పక్కన పెట్టి వెలుగులో చూడండి. తెర మీద కనబడని తేడా కాగితం మీద కనబడుతుంది.

తప్పు కనబడితే ఏం చేస్తారు? యిక్కడే మనవాళ్ళం వెనకబడుతున్నాం. ‘మన తెలుగు గతే యింత’ అని నిట్టూర్చి ఇంగ్లీషులో వ్రాసుకుంటాం. కంపెనీలు కొత్త కూర్పును విడుదల చేయడానికి ముందు ‘బీటా’ అనే ముందస్తు ప్రతిని కోరినవారికి యిస్తాయి. లోపాలు తెలుపమని అడుగుతాయి. విండోస్‌లో ఫీడ్‌బ్యాక్ హబ్ అని ఒక సాధనమే వుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థవారి వంటివారు తెలుగులో నడిచే స్వేచ్ఛా వ్యవస్థ కోసం కృషి చేశారు. అటువంటి చోట లోపం చెప్పడమే కాదు, చేతనైనవారు దిద్దవచ్చు కూడా. 2018 గండంలోనూ, అప్పటికి బీటాగా వున్న 11.3 కూర్పులో ‘జ్ఞా’ లోపం లేదు. అంటే దిద్దడం చేతకాని పని కాదు. దిద్దింది అందరికీ చేరేలోగా ఆగం జరిగింది.

బాసరలో అమ్మవారి గుడి ఒక పక్కన వుంటే, 2008లో స్థాపించిన సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం యింకొక పక్కన వుంది. పల్లెల నుంచి వచ్చి పదో తరగతి తరవాత అక్కడ చేరిన పిల్లలకు తెలుగూ వచ్చు, యంత్రమూ వచ్చు. ‘జ్ఞా’ ఎలా వ్రాయాలో, దాని ముక్కలు ఎలా దాగుతాయో రెండూ తెలిసినవాళ్ళు లోకంలో చాలా కొద్దిమంది. కొత్త కూర్పు బీటాగా వచ్చిన ప్రతిసారీ అటువంటి పిల్లలు పదిమంది కూర్చుని గుణింతం, ఒత్తులు, వూళ్ళ పేర్లు వ్రాసి చూసి, తేడా వుంటే రెండు వాక్యాల్లో కంపెనీకి తెలియజేస్తే అంతకన్న మంచి తెలుగు సేవ యింకేం కావాలి? వాళ్ళ గురువులు దీన్ని ఒక అభ్యాసంగా పెట్టినా మంచిదే. మా వంటి తెలుగు పంతుళ్ళం మాటల జాబితా తయారుచేసి యిస్తాం.

అంతవరకు మీ యింట్లో మీరు చేయగల పని ఒకటి వుంది. మీ నాన్నగారో, తాతగారో వ్రాసి పెట్టుకున్న తెలుగు కాగితం ఏదైనా కంప్యూటరులో వుంటే, కొత్త కూర్పు ఎక్కించకముందే దాన్ని తెరిచి చదవండి. ఏ ఫాంటులో వుందో చూసి వ్రాసుకోండి. ఒక ప్రతి అచ్చు తీసి బీరువాలో పెట్టండి. కొత్తది ఎక్కించాక మళ్ళీ తెరిచి మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా పక్కపక్కన పెట్టి పోల్చండి. అన్నీ కుదురుగా వుంటే సంతోషం. ఒక్క ఒత్తు పోయినా, పోయిందని చెప్పవలసిన చోటికి చెప్పండి.